క్లింగాన్‌లో ‘తరచూ’, ‘మూడుసార్లు’, ‘మళ్ళీ’: కార్డుల పెట్టె, ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

తెలుగువాళ్ళు క్లింగాన్ (స్టార్ ట్రెక్ కథల్లో అదే పేరున్న గ్రహాంతర జాతి మాట్లాడే కల్పిత భాష) సాధన చేయడానికి ఒక కార్డుల పెట్టె తయారవుతోంది. మొత్తం వ్యాకరణం జోలికి పోవడం లేదు. ఒక పని పదేపదే జరగడాన్ని చెప్పే వాక్యాలు మాత్రమే: ఎప్పుడూ, తరచూ, అప్పుడప్పుడు, అరుదుగా, రోజూ, మూడుసార్లు, మళ్ళీ. కార్డుకి ఒక పక్క తెలుగు వాక్యం, వెనక క్లింగాన్. వాక్యాలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఉంటాయి, తప్పులు పట్టడానికి చిన్న పైథాన్ స్క్రిప్టు ఉంది, చివరికి అన్నీ ఆంకీ అనే కార్డుల యాప్‌లోకి వెళ్తాయి.

ప్రమాణం మార్క్ ఓక్రాండ్ నిఘంటువే. 1984లో వచ్చిన స్టార్ ట్రెక్ మూడో సినిమా కోసం ఆయన ఈ భాషను కట్టారు, 1985లో నిఘంటువు వేశారు, 1992లో దానికి అనుబంధం చేర్చారు. క్రియావిశేషణాన్ని ఎక్కడ పెట్టాలన్న విషయంలో ఆ అనుబంధం చూడకుండా పని జరగదు.

ఇంగ్లిషు మీదుగా నేర్పే పాఠాలు ఇప్పటికే ఉన్నాయి; డ్యుయోలింగోలో 2018 నుంచి ఒక కోర్సు నడుస్తోంది. అయినా ఈ పెట్టె ఎందుకంటే, ఇంగ్లిషువాళ్ళు చేసే తప్పులు వేరు, మనం చేసే తప్పులు వేరు. మాటల వరసలో మనకు సగం పని తప్పుతుంది. వ్యతిరేక వాక్యాల్లో మాత్రం వాళ్ళకు లేని గుంట మనకుంది. కార్డులన్నీ ఆ గుంట చుట్టూనే తిరుగుతాయి.

లిపి తేల్చడం (పూర్తయింది)

రోమన్‌లో రాసే క్లింగాన్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా అలంకారం కాదు. చిన్న క్యూ ఒక ధ్వని, పెద్ద క్యూ ఇంకో ధ్వని. ఫోన్ కీబోర్డు వాక్యం మొదటి అక్షరాన్ని తనంతట తనే పెద్దది చేస్తుంది. డేటా శుభ్రం చేద్దామని రాసిన స్క్రిప్టు అన్నిటినీ చిన్నవి చేసి కూర్చుంటుంది. రెండూ అర్థాన్ని పాడుచేస్తాయి: పెద్ద క్యూతో ‘ఖమ్’ అంటే నిలబడు, చిన్న క్యూతో ‘కమ్’ అంటే పాదం. తెలుగు లిపిలో పెద్దా చిన్నా లేవు కాబట్టి ఈ బెడద మొదటికే పోతుంది.

క్లింగాన్‌వాళ్ళ సొంత లిపి ‘పికడ్’కి యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు వాడే ఉమ్మడి అక్షరాల పట్టికలో) చోటు లేదు, ఆ ప్రతిపాదనను 2001లో తిరస్కరించారు. ప్రత్యేక ఫాంట్లు దొరుకుతాయి గానీ ఎదుటివాళ్ళ ఫోన్‌లో అవి లేకపోతే కనిపించేవి ఖాళీ డబ్బాలే. అందుకని తెలుగు లిపే ఖాయం.

కేటాయింపు ఇలా కుదిరింది. క్లింగాన్‌లో ‘డ’ మన డకారమే, నాలుక మడత పడాల్సిందే. ‘ష’ కూడా నాలుక మడిచి పలికే మూర్ధన్యమే. ఇంగ్లిషు పాఠాలు ఈ రెండు ధ్వనులకు పేరాలు ఖర్చుపెడతాయి, మనకు అక్షరం చూపిస్తే చాలు. మాట మొదట్లో కూడా వచ్చే ‘ఙ’ ఉంది. వర్ణమాలలో ఊరికే కూర్చున్న ఆ అక్షరానికి ఇన్నాళ్ళకు పని దొరికింది. కంఠం లోపలి నుంచి, కొండనాలుక దగ్గర పలికే చిన్న క్యూకి ‘క’ ఇచ్చాం, ఎందుకంటే మామూలు క క్లింగాన్‌లో లేదు. అదే చోట రాపిడి కలిపి పలికే పెద్ద క్యూకి ‘ఖ’. గొంతులో గరగరలాడే పెద్ద హెచ్‌కి ‘హ’, దాని నాదరూపానికి ‘ఘ’. నాలుక పక్కల నుంచి గాలి వదిలే ధ్వనికి ‘ట్ల’. విడి ‘ట’ ఈ భాషలో ఎక్కడా అక్కర్లేదు కాబట్టి గందరగోళం రాదు. గొంతు టక్కున మూసి తెరిచే చప్పుడుకి ’ గుర్తు.

చిక్కు పెట్టింది వకారం. క్లింగాన్‌లో పై పళ్ళు కింది పెదవికి తగిలేది ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టేది ఒకటి, రెండూ వేరువేరు ధ్వనులు. మనకున్నది ఒక్క ‘వ’. రెండోదాన్ని ‘వ్వ’ అని రాద్దామంటే, ‘షువ్’ (పోరాడు) ధాతువుకి ‘విప్’ (భయపడు) ప్రత్యయం చేరగానే ‘షువ్విప్’ అయి కూర్చుంటుంది. చివరికి ‘ఉవ’ అని తేలింది. క్లింగాన్ అక్షరం ఎప్పుడూ హల్లుతోనే మొదలవుతుంది కాబట్టి ముందు ’ లేని విడి ‘ఉ’ ఇంకెక్కడా రాదు. కాబట్టి ‘ఒకటి’ ఉవ’, ‘మూడు’ ఉవెజ్.

ప్రత్యయాల మధ్య గీత తప్పనిసరి. గీత లేకపోతే తెలుగు లిపి వాటిని ఒత్తుల్లో కలిపేస్తుంది, ఎక్కడ ఏది ముగిసిందో కనిపించదు. అచ్చులన్నీ హ్రస్వంగానే రాస్తున్నాం; ఈ భాషలో దీర్ఘహ్రస్వ భేదం లేదు. పలికేటప్పుడు మాత్రం అకారాన్ని నోరు బాగా తెరిచి, పొట్టి ఆకారంలా పలకాలి.

గడులు (పూర్తయింది)

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వాక్యానికి ఐదు గడులు, ఈ వరసలో:

కాలం | క్రియావిశేషణం | కర్మ | క్రియ | కర్త

ఈ వరస చూసి బెదరక్కర్లేదు. తెలుగు వాక్యంలో కర్తను తీసి చివర పెడితే దాదాపు ఇదే వస్తుంది. ‘కెప్టెన్ రోజూ రాత్రి సారా తాగుతాడు’ అన్నదాన్ని ‘రోజూ రాత్రి సారా తాగుతాడు, కెప్టెన్’ అని మార్చి చూడండి:

హొచ్ రమ్ హిక్ ట్లుట్ల్ హొడ్.

హొచ్ రమ్ అంటే ప్రతి రాత్రీ, హిక్ మద్యం, ట్లుట్ల్ తాగు, హొడ్ కెప్టెన్. ఇంగ్లిషు నుంచి వచ్చేవాళ్ళు కర్తనీ కర్మనీ రెంటినీ తారుమారు చేసుకోవాలి. మనం ఒక్కదాన్ని జరిపితే సరిపోతుంది.

కాలం గడి, క్రియావిశేషణం గడి వేరుగా ఉండాల్సిందే. అనుబంధంలో ఇచ్చిన ఉదాహరణ: డహ్-జజ్ నొమ్ షొప్-పు’, అంటే ఈరోజు వాళ్ళు త్వరగా తిన్నారు. ముందు ‘ఈరోజు’, తర్వాత ‘త్వరగా’. ఈ వరసను తిప్పకూడదు.

క్రియావిశేషణం కర్మకు ముందే ఉంటుంది. దీనికి ఒక్క మినహాయింపు: కర్మను నొక్కి చెప్పడానికి దానికి -’ఎ’ తగిలిస్తే, క్రియావిశేషణం దాని తర్వాత రావచ్చు. హక్-ఉవి’-’ఎ’ డహ్ యి-షమ్, అంటే ఆ సర్జన్‌నే ఇప్పుడు వెతికి పట్టుకో. పెట్టెలో ఈ రకం వాక్యాలు పెట్టలేదు. నేర్చుకునేవాళ్ళు మినహాయింపును చూస్తే అదే నియమం అనుకుంటారు.

వాక్యంలో రెండు క్రియలుంటే, క్రియావిశేషణం తన క్రియ ఉన్న భాగంలోనే మొదట నిలుస్తుంది. పగ గురించిన పేరుమోసిన సామెత ఇందుకు చక్కని నమూనా: బొర్తష్ బిర్ జబ్-లు’-డి’ రెహ్ ఖఖ్-కు’ నయ్’. చల్లారిన పగను వడ్డించినప్పుడు వంటకం ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉంటుంది. ‘ఎప్పుడూ’ అనే రెహ్ వాక్యం మొదటికి ఎగరలేదు. ‘వడ్డించినప్పుడు’ అయిపోయాకే వచ్చింది.

ఏడు మాటలు, ఆరు క్రియలు (పూర్తయింది)

మాటలు: రెహ్ (ఎప్పుడూ), రొడ్ (అలవాటుగా, మామూలుగా), పిజ్ (తరచూ), రుత్ (అప్పుడప్పుడు), పిజ్-హ’ (అరుదుగా), నొత్ (ఎన్నడూ లేదు), ఉవెజ్ (ఇంకా లేదు). చివరిది తరచుదనాన్ని చెప్పే మాట కాదు. కానీ నొత్ చేసే మోసమే ఇదీ చేస్తుంది కాబట్టి పక్కనే ఉండాలి.

క్రియలు: షొప్ (తిను), ట్లుట్ల్ (తాగు), లెఘ్ (చూడు), ఖొయ్ (విను), షువ్ (పోరాడు), ఖొఙ్ (నిద్రపో). ఏడూ ఆరూ కలిస్తే 42 కార్డులు.

పిజ్-హ’లో ఉన్న -హ’ అనే తోకను చూసి అన్నిటికీ తగిలించకండి. కొన్ని క్రియావిశేషణాలకే అది చేరుతుంది. ‘గౌరవంగా’ అనే బట్ల్ నుంచి ‘అగౌరవంగా’ అనే బట్ల్-హ’ వస్తుంది గానీ, నొమ్ (త్వరగా) నుంచి ‘నెమ్మదిగా’ పుట్టదు. దానికి ఖిత్ అని వేరే మాట ఉంది.

క్రియకు ముందు చేర్చే అక్షరం ఇంకో మెలిక. ‘తరచూ తింటాను’, ‘తరచూ కఘ్ తింటాను’ రెంటిలోనూ మనకు ‘తింటాను’ ఒకటే. (కఘ్ అంటే బతికున్న పురుగుల వంటకం, క్లింగాన్ విందుల్లో దానికి పెద్దపీట.) క్లింగాన్‌లో కర్మ లేకపోతే జి-, ఉంటే వి-:

పిజ్ జి-షొప్.
పిజ్ కఘ్ వి-షొప్.

కర్మ కనిపించకుండా వి-షొప్ అంటే తప్పేమీ కాదు, ‘దాన్ని తింటాను’ అని అర్థం. కాబట్టి అలాంటి కార్డు తెలుగు వైపు ‘దాన్ని’ తప్పక రాయాలి. లేకపోతే సరైన జవాబు రాసినవాళ్ళకు కూడా తప్పు పడుతుంది.

వ్యతిరేకాల గుంట (ఎక్కువ సమయం తిన్నది ఇదే)

తెలుగులో ‘ఎప్పుడూ’ ఒక్కటే మాట. ‘ఎప్పుడూ తాగుతాడు’, ‘ఎప్పుడూ తాగడు’ రెంటిలోనూ అదే కనిపిస్తుంది. వ్యతిరేకం అంతా క్రియ చివర ఉంటుంది. క్లింగాన్‌లో వ్యతిరేకం క్రియావిశేషణంలోనే దాగి ఉంది:

రెహ్ హిక్ ట్లుట్ల్ హొడ్. కెప్టెన్ ఎప్పుడూ సారా తాగుతాడు.
నొత్ హిక్ ట్లుట్ల్ హొడ్. కెప్టెన్ ఎన్నడూ సారా తాగడు.

క్రియ రెంటిలోనూ ఒకటే. మన అలవాటు చేత నొత్ పెట్టాక చెయ్యి ఊరుకోదు, ట్లుట్ల్-బె’ అని వ్యతిరేక ప్రత్యయాన్ని కూడా తగిలిస్తుంది. అప్పుడు వ్యతిరేకం రెండుసార్లు పడి వాక్యం చెడుతుంది. ఉవెజ్ కూడా ఇంతే. ‘పిల్లాడు ఇంకా నిద్రపోలేదు’ అంటే ఉవెజ్ ఖొఙ్ పుక్. అందులో ‘లేదు’ అంతా ఉవెజ్ లోపలే ఉంది. ఉవెజ్ ఒక్కటే అరిస్తే ‘ఇంకా వద్దు!’ అనే ఆజ్ఞ అవుతుంది.

కార్డు చదివేటప్పుడు పాటించాల్సిన పద్ధతి: ముందు తెలుగు క్రియ చివర చూడండి, తర్వాతే క్రియావిశేషణం ఎంచుకోండి. వాక్యం మొదటి మాట చూసి రెహ్ రాసేస్తే సగం కార్డులు పోతాయి.

ఉవెజ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ‘మూడు’ కూడా ఉవెజే, సంఖ్య నామవాచకానికి ముందే వస్తుంది. దాంతో ఈ వాక్యం రెండు రకాలుగా చదవొచ్చు:

ఉవెజ్ పుక్ లెఘ్ హొడ్.

కెప్టెన్ ముగ్గురు పిల్లల్ని చూస్తున్నాడు. లేదా, కెప్టెన్ ఆ పిల్లాడిని ఇంకా చూడలేదు. బహువచన ప్రత్యయం పెట్టి పుక్-పు’ అన్నా చిక్కు వీడదు, ‘పిల్లల్ని ఇంకా చూడలేదు’ అనే అర్థం మిగిలే ఉంటుంది. ఇలాంటివి మూడు జతలు కావాలనే పెట్టాం (లెఘ్, ఖొయ్, షొప్ క్రియలతో). ఈ కార్డుల్లో ముందు వైపు క్లింగాన్ ఉంటుంది, వెనక రెండు అర్థాలూ రాయాలి. ఒక్కటే రాస్తే తప్పు కిందే లెక్క. మామూలు రాతలో అయితే ఈ గొడవ పెట్టుకోకండి, కర్మ లేని క్రియతో ఉవెజ్ వాడితే సరి.

పిజ్‌తో వ్యతిరేకం కూడా చూడాలి. పిజ్ ఖొఙ్-బె’ హొడ్ అంటే కెప్టెన్ నిద్రపోని రోజులు ఎక్కువ. పిజ్-హ’ ఖొఙ్ హొడ్ అంటే నిద్రపోవడమే అరుదు. ‘కెప్టెన్ తరచూ నిద్రపోడు’ అనే తెలుగు వాక్యం రెంటికీ సరిపోయేలా ఉంది, అందుకే దాన్ని ఏ కార్డు మీదా వాడలేదు. రెహ్‌తో -బె’ కలిపిన వాక్యాలు పెట్టెలో అసలు లేవు. ‘ఎన్నడూ లేదు’ అంటే నొత్, ‘ఎప్పుడూ అని కాదు’ అంటే రుత్. ఈ రెండుండగా ఆ కలగాపులగం ఎందుకు.

‘తింటూ ఉంటాను’ (పూర్తయింది)

అలవాటు చెప్పడానికి తెలుగులో రెండు దారులు: తింటాను, తింటూ ఉంటాను. రెండోది రాగానే మనసు -తహ్ ప్రత్యయం మీదకు పోతుంది, ఎందుకంటే అది ‘జరుగుతూ ఉంది’ అని చెబుతుంది. కానీ -తహ్ ఆ క్షణంలో ఆగకుండా సాగుతున్న పనికి. అలవాటుకు ఖాళీ క్రియ చాలు:

రొడ్ కఘ్ వి-షొప్. మామూలుగా కఘ్ తింటూ ఉంటాను.

క్లింగాన్ క్రియకు భూత, భవిష్యత్ కాలాలు లేవు. ‘తింటాను’ అన్న తెలుగు క్రియ కూడా రేపటికీ రోజువారీకీ రెంటికీ పనికొస్తుంది కాబట్టి ఈ చోట మనకు ఇబ్బంది లేదు. ‘తింటూ ఉంటాను’ను మనసులో ‘తింటాను’గా మార్చుకుని అనువదిస్తే -తహ్ చొరబడదు.

పూర్తయిన పనికి -పు’ కావాలి. ఉవ’-హు’ ఉవెజ్-లొఘ్ జి-ఖొఙ్-పు’: నిన్న మూడుసార్లు నిద్రపోయాను. హొచ్ జజ్ చ’-లొఘ్ జి-షొప్: రోజూ రెండుసార్లు తింటాను. మొదటిది జరిగిపోయిన లెక్క, రెండోది అలవాటు, అందుకే దానికి -పు’ లేదు.

హొచ్ తర్వాత నామవాచకం ఏకవచనంలోనే ఉండాలి. హొచ్ జజ్ అంటే ప్రతి రోజూ. హొచ్ జజ్-మెయ్ అంటే రోజులన్నీ. మిగతా చోట్ల బహువచన ప్రత్యయం ఉన్నా లేకున్నా నడుస్తుంది గానీ ఇక్కడ అర్థమే మారిపోతుంది. రమ్ (రాత్రి), పొ (ఉదయం), హొఘ్ (వారం), జర్ (నెల), డిష్ (సంవత్సరం) అన్నీ జజ్ స్థానంలో అలాగే కూర్చుంటాయి.

-లొఘ్: ‘సార్లు’ (పూర్తయింది)

తెలుగువాళ్ళకు బాగా తేలికైన భాగం. సంఖ్యకు -లొఘ్ తగిలిస్తే ‘సార్లు’ వస్తుంది, ఆ మాట క్రియావిశేషణం గడిలో కూర్చుంటుంది.

ఉవ’-లొఘ్ ఒకసారి, చ’-లొఘ్ రెండుసార్లు, ఉవెజ్-లొఘ్ మూడు, లొష్-లొఘ్ నాలుగు, వఘ్-లొఘ్ ఐదు, జవ్-లొఘ్ ఆరు, షొచ్-లొఘ్ ఏడు, చొర్ఘ్-లొఘ్ ఎనిమిది, హుత్-లొఘ్ తొమ్మిదిసార్లు. తొమ్మిది కార్డులు. -లొఘ్ తగలగానే ఉవెజ్ సందిగ్ధం కూడా పోతుంది, అప్పుడది మూడే.

తెలుగు ‘ఒకసారి’తో జాగ్రత్త. ‘ఒకసారి చూడు’ అన్నప్పుడు మనం లెక్క చెప్పడం లేదు, మాట మెత్తబరుస్తున్నాం. దానికి ఉవ’-లొఘ్ పెడితే ‘ఒక్కసారి మాత్రమే’ అన్నట్టు వినిపిస్తుంది. యి-లెఘ్ చాలు. క్లింగాన్‌వాళ్ళు ఆజ్ఞను మెత్తబరచడానికి పెద్దగా తాపత్రయపడే రకం కాదు.

‘మూడోసారి’కి నేరుగా కార్డు లేదు. క్లింగాన్‌లో ‘మూడో’ అనే అర్థానికి -డిచ్ ఉంది గానీ అది నామవాచకం వెనక నిలిచే మాట: మెబ్ చ’-డిచ్, రెండో అతిథి. దాన్ని తెచ్చి క్రియావిశేషణం గడిలో పెట్టకూడదు. వాక్యాన్ని తిప్పి రాయడమే మార్గం: డహ్-జజ్ ఉవెజ్-లొఘ్ వి-లెఘ్-పు’, ఈరోజు దాన్ని మూడుసార్లు చూశాను.

-లొఘ్ బాగా ఆడేది గడియారం దగ్గర. టైమెంతయిందని అడగాలంటే ఇలా అంటారు:

’అర్-లొఘ్ ఖొయ్-లు’-పు’?

’అర్ ఎన్ని, -లొఘ్ సార్లు, ఖొయ్ విను, -లు’ ఎవరో ఒకరు, -పు’ పూర్తయింది. మొత్తంగా ‘ఎన్నిసార్లు వినపడింది?’ అని. కార్డు తెలుగు వైపు ‘ఎన్ని గంటలు కొట్టింది?’ అని రాస్తే ఇట్టే తడుతుంది. జవాబులో సంఖ్య ఒక్కటే మారుతుంది. రాత్రి 8 గంటలంటే 20 కాబట్టి చ’-మహ్-లొఘ్ ఖొయ్-లు’-పు’. మధ్యాహ్నం 12కి ఉవ’-మహ్ చ’-లొఘ్ ఖొయ్-లు’-పు’. రెండు ముక్కల సంఖ్యలో -లొఘ్ చివరి ముక్కకే చేరుతుందని ఇక్కడ గమనించాలి. 1 నుంచి 23 దాకా 23 కార్డులు పెట్టాం. సంఖ్యలు, -లొఘ్, -లు’, -పు’ నాలుగూ ఒకే దెబ్బకు నోటికి ఎక్కుతాయి. రోజూ ఫోన్ చూసిన ప్రతిసారీ టైం క్లింగాన్‌లో చెప్పుకుంటే ఈ 23 కార్డులకు వేరే సాధన అక్కర్లేదు.

ఒక వాక్యంలో పిజ్, -లొఘ్ రెండూ కలిపి పెట్టలేదు. ఒక క్రియకు ఒక క్రియావిశేషణం, దాని ముందు కావాలంటే ఒక కాలం మాట. అంతకు మించి పేర్చితే ఏది దేన్ని విశేషిస్తోందో నేర్చుకునేవాళ్ళకు అంతుపట్టదు.

‘మళ్ళీ’ ఈ గడిలో లేదు (పూర్తయింది, తిరిగి రాయాల్సి వచ్చింది)

స్ప్రెడ్‌షీట్ మొదటి రూపంలో క్రియావిశేషణం గడికి ‘మళ్ళీ’ అనే వరస కూడా ఉండేది, దాన్ని తీసేశాం. తెలుగులో ‘మళ్ళీ’ విడి మాట, క్లింగాన్‌లో అది క్రియ లోపల -క’ ప్రత్యయంగా ఉంటుంది. ఆగిన పని తిరిగి మొదలవడం దాని మూలార్థం. నిఘంటువు ఉదాహరణ వి-నెజ్-క’: వెతకడం తిరిగి మొదలుపెడుతున్నాను. ‘ఇంకోసారి తిను’ అంటే యి-షొప్-క’.

క్లింగాన్ క్రియ ప్రత్యయాలు తొమ్మిది తరగతులు, ఒక్కో తరగతి నుంచి ఒక్కటే తీసుకోవాలి, వరస మారకూడదు. -క’ మూడో తరగతి. ‘మొదలవు, మారు’ అని చెప్పే -చొహ్ కూడా అదే తరగతి. కాబట్టి ‘మళ్ళీ మొదలైంది’ అని -చొహ్-క’ పెట్టడం కుదరదు; -క’ ఒక్కటే ఆ పని చేస్తుంది. ‘చేయాల్సి ఉంది’ అనే -నిష్ రెండో తరగతి కనుక ముందు వస్తుంది: జి-షొప్-నిష్-క’.

-బె’ మాత్రం ఏ తరగతికీ చెందదు, దేన్ని కాదంటుందో దాని వెనకే నిలుస్తుంది. దాంతో తెలుగులో మసకగా ఉండేది క్లింగాన్‌లో తేటగా విడిపోతుంది. ‘మళ్ళీ నిద్రపోలేదు’ అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి కదా:

ఖొఙ్-క’-బె’. మెలకువ వచ్చాక తిరిగి నిద్ర పట్టలేదు.
ఖొఙ్-బె’-క’. నిన్నటిలాగే ఈ రాత్రీ నిద్ర లేదు.

మొదటిదాంట్లో ‘మళ్ళీ’ జరగలేదు. రెండోదాంట్లో ‘నిద్రపోకపోవడం’ మళ్ళీ జరిగింది. ఆరు క్రియలకూ ఈ రెండు రూపాలు, 12 కార్డులు. తెలుగు వైపు పై వాక్యాల్లాగా సందర్భం విప్పి రాయాలి, ఉత్తి ‘మళ్ళీ నిద్రపోలేదు’ పెడితే కార్డుకు సరైన జవాబే ఉండదు.

‘మళ్ళీ మళ్ళీ’కి పిజ్, -క’ రెండూ వాడాం: పిజ్ వి-నెజ్-క’. వేరు గడుల్లో ఉన్నాయి కాబట్టి కొట్టుకోవు.

తనిఖీ స్క్రిప్టు (నడుస్తోంది)

ప్రతి వాక్యాన్నీ ఈ నియమాలతో చూస్తుంది. నొత్ లేదా ఉవెజ్ క్రియావిశేషణంగా ఉండి క్రియలో -బె’ ఉంటే ఎర్ర జెండా. కర్మ గడి నిండి ఉండి క్రియకు జి- ఉంటే తప్పు. -లొఘ్ ముందున్నది సంఖ్యల జాబితాలోదో ’అర్ అయినా కాకపోతే తప్పు. మూడో తరగతి ప్రత్యయాలు రెండుంటే తప్పు. రెహ్, రొడ్, పిజ్, రుత్‌లతో -తహ్ కనిపిస్తే పసుపు జెండా: తప్పని కాదు, మనిషి చూడాలని. హొచ్ తర్వాత -మెయ్ ఉన్నా పసుపే.

-పు’ దగ్గర స్క్రిప్టు తడబడింది. పుక్-పు’లో అది మాట్లాడగల జీవులకు బహువచనం, షొప్-పు’లో పూర్తయిన పని. వాక్యాన్ని మొత్తంగా వెతక్కుండా ఏ గడికి ఆ గడి వెతికితే ఇది సర్దుకుంటుంది.

అసలు విసిగించినవి భాషకు సంబంధించినవి కావు. స్ప్రెడ్‌షీట్ గడిలో మొదటి అక్షరంగా నిట్ట నిలువు అపాస్ట్రఫీ టైపు చేస్తే, ‘ఇది అక్షరాలుగా చూడు’ అనే సూచన అనుకుని ప్రోగ్రాము దాన్ని మింగేస్తుంది. ’అర్-లొఘ్ కాస్తా అర్-లొఘ్ అవుతుంది. వర్డ్ ప్రాసెసర్‌లో టైపు చేస్తే మాట మొదట్లో ఉన్నది తెరిచే కోట్ గుర్తుగా వంకర తిరుగుతుంది, మాట చివర ఉన్నది మూసే గుర్తుగా. చూపుకి దాదాపు ఒకటే, పోలికకు రెండు. ఫైలు చదవగానే అన్ని రకాల గుర్తులనూ ఒక్క ’ గుర్తుగా మార్చడం స్క్రిప్టులో మొదటి పని. రెండోది, పొల్లు తర్వాత దూరే కనపడని విడదీత అక్షరాన్ని ఏరేయడం. ఒక కీబోర్డుతో టైపు చేసిన రెహ్‌లో అది ఉంటుంది, ఇంకో కీబోర్డుతో చేసినదాంట్లో ఉండదు; కార్డు మీద తేడా తెలియదు, జవాబు మాత్రం తప్పని వస్తుంది. ఫైలును యూటీఎఫ్-8లో దాచకపోతే ఆంకీ అన్నిటినీ చెత్తగా చూపిస్తుందని వేరే చెప్పక్కర్లేదు.

ఆంకీలో అమరిక (నడుస్తోంది)

మొత్తం 89: క్రియావిశేషణాలు 42, -లొఘ్ 9, గడియారం 23, -క’ 12, ఉవెజ్ సందిగ్ధాలు 3.

-క’-బె’, -బె’-క’ జతలను ఒకే నోటులో రెండు కార్డులుగా పెట్టాలి. అప్పుడు తోబుట్టువులను దాచే ‘బరీ’ సెట్టింగు వేస్తే ఒకటి ఈరోజు వచ్చినప్పుడు రెండోది మర్నాటికి జరుగుతుంది. వేరువేరు నోట్లుగా పెడితే పక్కపక్కనే వచ్చి ఒకదాని జవాబు ఇంకోటి చెప్పేస్తుంది. రెహ్, నొత్ వాక్యాలకూ అదే ఏర్పాటు. రోజుకి 20 కొత్త కార్డులు అనేది ఆంకీ మామూలు అమరిక. ఈ పెట్టెకు అది ఎక్కువ, 8 చాలు. కార్డులను కలగలిపి కాకుండా ముందు -లొఘ్, తర్వాత గడియారం, ఆ తర్వాత రెహ్-నొత్, చివర -క’ వచ్చేలా వరస పెట్టాలి. తేలికవి ముందు పడితే ప్రత్యయాల మధ్య గీతలు చదవడం కంటికి అలవాటవుతుంది.

జవాబు టైపు చేసే రకం కార్డులు వద్దనుకున్నాం. ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద ’ గుర్తు కోసం వెతకడంతోనే ఓపిక అయిపోతుంది. బయటికి గట్టిగా చెప్పి, కార్డు తిప్పి, గడుల వరస సరిచూసుకోవడమే. చెప్పేటప్పుడు ’ దగ్గర గొంతు నిజంగా మూసుకోవాలి. చ’-లొఘ్‌ని చలొఘ్ అనేస్తే తప్పు కిందే వేసుకోండి.

మిగిలినవి: పగ సామెత తరహాలో -డి’ (చేయగానే, చేసినప్పుడు) ఉపవాక్యాలతో రెహ్, పిజ్, రుత్ వాక్యాలు. వాటికి స్ప్రెడ్‌షీట్‌లో రెండో వరస గడులు కావాలి, స్క్రిప్టు ఒక్కో ఉపవాక్యాన్ని విడిగా తనిఖీ చేయాలి. ప్రస్తుతం -డి’ కనిపించిన చోట వాక్యాన్ని రెండుగా కోసే వరకు పని చేస్తోంది. కర్త -డి’ క్రియ తర్వాత వచ్చే వాక్యాల్లో కోత తప్పుచోట పడుతోంది, ఎందుకంటే ఆ నామవాచకం మొదటి భాగానికి కర్తా, రెండో భాగానికి కర్మా అన్నది స్క్రిప్టుకు తెలియదు. అలాంటి వాక్యాలకు మధ్యలో చేత్తో నిలువు గీత పెట్టే ఏర్పాటు జరుగుతోంది.